నూకాలమ్మ వాయిదాలు

సోమవారం పొద్దుటి షిఫ్టులో పైడిబాబు చేతులు సత్యప్రసాద్‌కి కొత్తగా కనిపించాయి.

నలభై అడుగుల ఎత్తున క్రేను కేబిన్లో కూర్చున్నవాడికి కింద మనుషుల మొహాలు సరిగా కనిపించవు. హెల్మెట్లు కనిపిస్తాయి, చేతులు కనిపిస్తాయి. పదకొండేళ్ళుగా సత్యప్రసాద్ ఉద్యోగమంతా ఆ చేతుల మీదే నడుస్తోంది. కింద నిలబడి సైగ చేసేవాడు పైడిబాబు, పైన లివర్లు తిప్పేవాడు తను. హుక్కు దించమనడానికి పైడిబాబు అరచేతిని కిందికి పెట్టి, పసిపిల్ల తల నిమిరినట్టు మెల్లగా ఊపుతాడు. చాలనడానికి గుప్పిట బిగించి ఊరుకోడు, బొటనవేలు పైకెత్తి ఒక మెచ్చుకోలు కూడా పారేస్తాడు. ఉక్కు ప్లేట్ల కట్ట గాల్లో కాస్త ఊగిందంటే రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, ఇదేం డ్రైవింగు అన్నట్టు తలెత్తి చూస్తాడు. ఆ వెక్కిరింత లేకపోతే సత్యప్రసాద్‌కి షిఫ్టు షిఫ్టులా ఉండదు.

ఈవేళ ఆ వెక్కిరింత లేదు. గోడ మీద సేఫ్టీ బోర్డులో బొమ్మ ఎలా చెయ్యి చాపిందో అలాగే చాపుతున్నాడు, అలాగే ముడుస్తున్నాడు. తప్పు పట్టడానికి వీల్లేదు. ఇంట్లో పెళ్ళాంతో గొడవేమో అనుకున్నాడు సత్యప్రసాద్. తొమ్మిది గంటలకి ఒక కట్ట కావాలనే కొంచెం ఊపి చూశాడు. పైడిబాబు ఆగమని చెయ్యి అడ్డంగా పెట్టి, అది ఊగడం మానేదాకా నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది, కోపం ఎవరి మీదో.

టీ వేళకి నిచ్చెన దిగి వచ్చేసరికి పైడిబాబు గ్లాసు పట్టుకుని, వైరు తాళ్ళు వేలాడదీసే స్టాండు వెనక్కి పోయి కూర్చున్నాడు. సత్యప్రసాద్ అక్కడికే వెళ్ళాడు.

"ఏటయిందిరా?"

"ఏటీ నేదు."

"ఏటీ నేకపోతే ఆ సేతులేటి, కర్ర సేతుల్లాగ?"

పైడిబాబు టీ ఊదుకున్నాడు. ఒక గుక్క తాగాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి, మొహం చూడకుండానే చెప్పాడు.

"శనివారం నాకు ఫోనొచ్చింది. సత్యప్రసాద్ ఆప్ కా దోస్త్ హై క్యా అన్నాడు. అవునన్నాను. మూడు నెల్లయి నువ్వు కార్డు డబ్బులు కట్టనేదంట. నిన్ను దొంగ, సోర్ అన్నాడన్నా. మా ఆవిడ పక్కనే ఉంది. ఫోను స్పీకర్లో ఉంది."

క్రెడిట్ కార్డు ఫారం నింపినప్పుడు సత్యప్రసాద్ తెలిసినవాళ్ళ నంబరు ఒకటి అడిగితే పైడిబాబుదే రాశాడు. అంతకంటే తెలిసినవాడు ఇంకెవరున్నారు.

"ఆడు తిట్టినందుక్కాదన్నా నా బాధ," అన్నాడు పైడిబాబు. "నీ కార్డు మీదే కదా నేను ఫ్రిజ్జు తీసుకున్నాను. పద్నాలుగు నెల్లు, నెలకి పదహారొందలు. ఒక్క నెల తప్పనేదు. పోయిన నెల్తో తీరిపోయింది. మరి నువ్వు బేంకుకి కట్టకపోతే, నా డబ్బులేటయినట్టు?"

ఈ పద్నాలుగు నెలలూ సత్యప్రసాద్ అనుకుంటున్నది వేరు. పైడిబాబు పైసా ఇవ్వలేదని, ఇవ్వకపోయినా పాపం ఇబ్బందుల్లో ఉన్నాడని, ఎవడి చేతుల్ని నమ్ముకుని రోజంతా టన్నుల బరువు నడుపుతున్నాడో వాడిని ఫ్రిజ్జు డబ్బులు ఎలా అడగడమని, తనలో తానే మింగుకుని కూర్చున్నాడు. తన పెద్దమనిషితనానికి తనే ఒకటి రెండుసార్లు మురిసిపోయాడు కూడా.

"నాకెప్పుడిచ్చేవురా?" అన్నాడు చివరికి.

"నీకెందుకిత్తాను? ఇంట్లో ఇచ్చెయ్ అన్నావు కదా. పెద్దమ్మ సేతిలో ఎట్టేను."

టీ టైం అయిపోయిందని సైరను మోగింది. పైడిబాబు లేచి గ్లవుజులు తొడుక్కున్నాడు.

*

ఆ ఉత్తరాది ఉక్కు పట్నంలో తెలుగువాళ్ళ పేట బర్మామైన్స్‌లో వాళ్ళ సందు సంగతి తెలిసినవాళ్ళెవరూ పైడిబాబుని తప్పు పట్టరు. ఇంట్లో ఇవ్వడమంటే ఆ సందులో ఒకటే పద్ధతి. వరండాలో పెద్దావిడ కూర్చుని ఉండగా, ఆవిడని దాటుకుని లోపలికి వెళ్ళి కోడలి చేతిలో డబ్బు పెట్టినవాడికి ఆ తర్వాత ఆ గుమ్మం ముందు నుంచి సైకిలు మీద పోవడానికి కూడా మొహం చెల్లదు. పైగా సత్యప్రసాద్ భార్య కల్యాణి పొద్దున్న ఏడింటికి స్కూల్లో ఆయా పనికి పోతే మూడు దాటాక గానీ రాదు. ఇంట్లో అంటే కల్యాణికని సత్యప్రసాద్ మనసులో అనుకున్నాడు. అనుకున్నదంతా జనానికి వినిపిస్తుందా.

షిఫ్టు దిగి వస్తూ సందు మొదట్లో ముసలయ్య పకోడీ బండి దగ్గర ఆగాడు. ముసలయ్య కొడుక్కి ఫోను కూడా ఆ కార్డు మీదే కొన్నాడు. సందు మొత్తానికి కార్డున్నవాడు సత్యప్రసాద్ ఒక్కడే, పర్మనెంటు ఉద్యోగం కాబట్టి. వాయిదాల మీద వస్తువు కావాలంటే అందరూ అతని గుమ్మమే ఎక్కేవారు. ఎక్కినప్పుడల్లా అతనికి బాగానే ఉండేది.

"మావా, ఫోను డబ్బులు..." అని నసిగాడు.

"తీరిపోయాయి కదరా," అన్నాడు ముసలయ్య గరిటె ఆపకుండా. "మీ అమ్మకే ఇచ్చేను. పదిహేను వేలు. ఆవిడ లెక్కెట్టుకుని కొంగున కట్టుకుంది."

పక్కింటి రమాదేవిని అడగనక్కర్లేకపోయింది. ఆవిడ కూలరు తాలూకు తొమ్మిది వేల ఆరువందలు కూడా ఎక్కడికి పోయి ఉంటాయో తెలుస్తూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి తల్లి నూకాలమ్మ వరండాలో పీట వేసుకుని, వేయించిన శనగలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటోంది. నోరు మూసుకుని, తీరిగ్గా, పటపటమని చప్పుడొచ్చేలా నములుతోంది. ఆరు నెలల కిందటిదాకా ఆవిడకి అన్నం కూడా మెత్తగా పిసికి పెట్టాల్సి వచ్చేది. మాంగో పేటలో ఏదో ఉచిత వైద్య శిబిరంలో పళ్ళ సెట్టు పెట్టారని చెప్పింది. సర్కారు వారు ఇంత మంచి పళ్ళు ఉచితంగా ఇస్తున్నారా అని సత్యప్రసాద్ ఆశ్చర్యపోయి ఊరుకున్నాడు.

"అమ్మా, పైడిబాబు నీకేటయినా ఇచ్చేడా?"

నూకాలమ్మ సందుకి ఆ కొసా ఈ కొసా చూసింది. కొడుకుని దగ్గరికి రమ్మని కూర్చోబెట్టుకుంది.

"ఇచ్చేడు నాయినా. పైడిబాబొక్కడేటి, రమాదేవి ఇచ్చింది, ముసలయ్య ఇచ్చేడు. మీ అబ్బాయి ఇమ్మన్నాడు పెద్దమ్మా అని ఎట్టి పోయేవోళ్ళు. నాకు తెలుసులే. పెళ్ళాం ముందల అమ్మకి డబ్బులియ్యడానికి నీకు మొగమాటం. అందికే ఆళ్ళ సేతా ఈళ్ళ సేతా ఇప్పించేవు. నేను కల్యాణితో సెప్పనేదు." శనగ ఒకటి నోట్లో వేసుకుంది. "సందులో మాత్రం అందరికీ సెప్పేను."

సత్యప్రసాద్ శనగల గిన్నెకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఈ పళ్ళు ఎవరు కట్టించేరనుకున్నావు?" అంది నూకాలమ్మ. నవ్వింది. పైవరసా కింది వరసా మొత్తం కనిపించేలా నవ్వింది. "పదహారు వేలు. కాంపు గీంపు ఏటీ నేదు. కోడలు ఏటనుకుంటాదో అని అలగ సెప్పేను. నువ్వే కట్టించేవురా."

పైడిబాబు ఫ్రిజ్జూ, రమాదేవి కూలరూ, ముసలయ్య కొడుకు ఫోనూ అన్నీ కలిసి అమ్మ నోట్లో తెల్లగా మెరుస్తున్నాయి.

"ఈ నెల ఎవరూ రానేదు," అంది ఆవిడ గొంతు తగ్గించి. "ఏటి, నీకేటయినా ఇబ్బందా? ఇబ్బందయితే వద్దులే."

"ఇబ్బందేటీ నేదమ్మా," అన్నాడు. అలా అనేసి లోపలికి పోయి, కుండలో నీళ్ళు రెండు గ్లాసులు తాగాడు.

*

మంగళవారం అతనికి మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున్న పదింటికి బేంకుకి వెళ్ళాలని కూతురు కల్పన ముందే చెప్పి ఉంచింది. ప్లస్ టూ అయింది, రాంచీలో నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. చదువు లోను కోసం తండ్రి సంతకం కావాలి.

బయల్దేరుతుండగా ఫోను మోగింది. కార్డు బాకీ కోసం ఇన్నాళ్ళూ తిట్టినవాడే, ఈసారి తేనె పూసిన గొంతుతో మాట్లాడాడు. ఎనభై నాలుగు వేలు బాకీ ఉందట. ఒక్క దెబ్బలో యాభై వేలు కట్టేస్తే మిగతాది వదిలేస్తామన్నాడు. సెటిల్మెంట్ కర్ లీజియే, టెన్షన్ ఖతం అన్నాడు. శనివారం దాకానే ఆ ఆఫరట. సత్యప్రసాద్‌కి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. కంపెనీ కోఆపరేటివ్ సొసైటీలో అప్పు తీసుకుంటే యాభై వేలు ఎలాగో వస్తాయి. ముప్ఫై నాలుగు వేలు ఆదా. ఇంతకంటే ఏం కావాలి.

బిష్టుపూర్ బ్రాంచిలో లోన్లు చూసేది సీతారామరావు. బట్టతల, సన్నఫ్రేము కళ్ళద్దాలు, ఎదుటివాడు తెలుగువాడని తెలిస్తే వెంటనే తెలుగులోకి దిగే మనిషి. కంప్యూటర్లో సత్యప్రసాద్ పేరు కొట్టి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"మీకు వేరే బేంకు కార్డు ఒకటుంది. మూడు నెలలుగా కట్టలేదు. ఇది ఇలా ఉండగా అమ్మాయి లోను ముందుకు కదలదండీ."

"సెటిల్మెంట్ సేసేత్తాను సార్. యాభై వేలకి ఒప్పుకున్నారు."

"అది మాత్రం చేయకండి." సీతారామరావు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "సెటిల్మెంటంటే బాకీ తీరిందని కాదు. పూర్తిగా కట్టలేక సగంలో తెగ్గొట్టుకున్నాడని రికార్డులో రాస్తారు. ఆ రాత ఏళ్ళ తరబడి ఉంటుంది. మీరు మిగుల్చుకునే ముప్ఫై నాలుగు వేలకి అమ్మాయి నాలుగు లక్షల లోను పోతుంది."

"పాపా, మైనే బోలా థా నా," అంది కల్పన మెల్లగా, నేను చెప్పలేదూ అన్నట్టు. ఫోన్లో ఇదంతా తనెప్పుడో చదివి ఉంచుకున్నట్టుంది.

"మరేటి సెయ్యాల సార్?"

సీతారామరావు ఒక తెల్లకాగితం తీసి తనే రాశాడు. కార్డు బేంకుకి మెయిలు పంపాలి. కష్టం వచ్చింది, మొత్తం కడతాను, ఎగ్గొట్టను, బాకీని నెలసరి వాయిదాల కింద మార్చండి, ఆలస్యపు జరిమానాలు ఆపండి అని. సాధారణంగా ముందు కొంత కట్టమంటారు, ఓ పదిహేను వేలు. మిగతాది రెండేళ్ళ వాయిదా. వడ్డీ ఇప్పటి దాంట్లో సగం కూడా ఉండదు. ఆ కార్డు ఇంక వాడకూడదు. "ఇన్నాళ్ళూ నెలనెలా ఎంత కట్టేవారు?" అని అడిగాడు.

"నాలుగేలు సార్. మినిమం డ్యూ అని ఎంతుంటే అంత. అదే వాయిదా అనుకున్నాను. మూణ్ణెల్ల నించి అదీ అందనేదు."

సీతారామరావు కలం కింద పెట్టాడు. "అది వాయిదా కాదండీ. వడ్డీకి సరిపోయేది, అంతే. ఏడాదిగా మీరు అసలుని గట్టిగా ముట్టుకోనేలేదు." ఆ మాట చాలా నెమ్మదిగా అన్నాడు, ఎదురుగా కూతురు కూర్చుని ఉందని కాబోలు. పైడిబాబుకొచ్చిన ఫోను సంగతి కూడా సత్యప్రసాద్ చెప్పాక అన్నాడు, "ఇంకో సంగతి. మీ స్నేహితుడికి ఫోను చేసి మీ బాకీ గురించి చెప్పే హక్కు వాళ్ళకి లేదు. ఆ ముక్క కూడా మెయిల్లో రాయండి. వాయిదాలు ఒప్పుకున్నట్టు ఉత్తరం, పదిహేను వేలు కట్టిన రసీదు శనివారంలోగా తెండి. మిగతాది నేను చూసుకుంటాను."

బయటికొచ్చాక ఆటోలో కల్పన తండ్రి ఫోను తీసుకుని మెయిలు టైపు చేసింది. బర్మామైన్స్ చేరేసరికి పంపేసింది కూడా.

*

బుధవారం సత్యప్రసాద్‌కి వారపు సెలవు. సాయంత్రం వంటింట్లో కల్యాణి బెండకాయలు తరుగుతుంటే, సత్యప్రసాద్ గుమ్మంలో కూర్చుని మొత్తం చెప్పేశాడు. కార్డు సంగతి ఆవిడకి సగమే తెలుసు. మిగతా సగం వింటున్నంతసేపూ కత్తి ఆగలేదు. పళ్ళ సెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"పదహారు వేలా?" అంది.

"పదహారు."

కల్యాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుని సత్యప్రసాద్ లేవబోయాడు. ఆవిడ నవ్వుతోంది. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ కత్తి అందుకుంది.

"మొత్తం నలభై ఏడు వేలు వచ్చుంటాయి," అంది కాసేపటికి. "పళ్ళకి పోగా ముప్ఫై ఒకటి. అత్త అంత ఖర్సెట్టే మనిషి కాదు. పెట్టిలో ఉంటాయి. పదిహేను వేలు అడగండి. మన డబ్బే కదా."

"అడగనేను."

"ఎందుకడగనేరు? పిల్ల సదువుకే కదా. ఇమ్మంటే ఆవిడే ఇత్తాది."

"ఇత్తాది కల్యాణీ. ఇవ్వదని కాదు. ఏటని అడగాల? అమ్మా, అయి నేను ఇప్పించినయి కావు, పొరపాటున నీ దగ్గరికొచ్చాయి, వాపసియ్యి అనాలా?"

కల్యాణి తరిగిన ముక్కలు పళ్ళెంలో ఒక పక్కకి చేర్చింది. పొయ్యి మీద నూనె పెట్టింది.

"ఈ ఇంటికొచ్చి ఇరవై ఏళ్ళయింది నాకు," అంది ఆవిడ పోపు వేస్తూ. "ఆవిడ సేతిలో ఒక్క వంద రూపాయలు ఎట్టిన గుర్తు నాకూ నేదు. కూడెడతన్నాం, కోకలు కొంటన్నాం, ఇంకేటి కావాలి అనుకున్నాం." గరిటెతో బెండకాయలు కలిపింది. "సొసైటీలో పదిహేను వేలు తీసుకోండి. నెలకి మూడున్నర వేలు వాయిదా నా జీతంలోంచి కడదాం. అత్తతో ఏటీ అనొద్దు."

సత్యప్రసాద్ భార్యని కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. ఆవిడ చూడనిచ్చి, కరివేపాకు కోసుకు రమ్మని బయటికి పంపేసింది.

*

గురువారం సొసైటీ ఆఫీసులో కాగితాల మీద సంతకాలు పెట్టి, జామీను కోసం తోటి పనివాడు ఒకడు కావాలంటే ఇంటికి వెళ్ళి పైడిబాబుని తీసుకొచ్చాడు. దారిలో ఉన్నదున్నట్టు చెప్పాడు. నీ బాకీ తీరిపోయిందిరా, నువ్వు అమ్మకి ఇచ్చావంటే నాకిచ్చినట్టే, తప్పు నాదే అన్నాడు.

పైడిబాబు నడక ఆపేశాడు. "అయితే పెద్దమ్మ పళ్ళు నేను కట్టించినట్టా?"

"కింది వరస నీదే అనుకో."

"నేను నిన్ను అనుమానించేను అన్నా."

"నేనూ నిన్ను అనుమానించేనురా. పద్నాలుగు నెల్లు."

ఇంక ఆ సంగతి మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు. పైడిబాబు జామీను సంతకం పెద్ద పెద్ద అక్షరాలతో, గీత దాటి పక్క గడిలోకి పోయేటట్టు పెట్టాడు. ఆ మధ్యాహ్నం షిఫ్టులో మొదటి కట్ట లేపగానే సత్యప్రసాద్ కొంచెం ఊపాడు. కింద రెండు చేతులూ నడుం మీదికి వెళ్ళాయి.

శుక్రవారం కార్డు బేంకు నుంచి ఉత్తరం వచ్చింది. పదిహేను వేలు కట్టగానే ఇరవై నాలుగు వాయిదాలు. సొసైటీ డబ్బు ఆ పూటే కట్టేశాడు. శనివారం కల్పన రసీదూ ఉత్తరమూ పట్టుకెళ్ళి సీతారామరావు బల్ల మీద పెట్టి వచ్చింది. ఫైలు పైకి వెళ్ళింది, పది రోజుల్లో కబురొస్తుందని ఫోను చేసి చెప్పింది. చెప్పడం హిందీలోనే చెప్పింది గానీ, గొంతులో సంతోషం తెలుస్తూనే ఉంది.

*

ఆదివారం పొద్దున్న సత్యప్రసాద్ ఎనిమిది వందలు మడిచి జేబులో పెట్టుకుని వరండాలోకి వచ్చాడు. అంతకంటే ఎక్కువ ఇంక కుదరదని కల్యాణీ అతనూ రాత్రే లెక్క చూసుకున్నారు. ఇరవై ఏళ్ళ బాకీ ఇది. ఏ బేంకూ ఫోను చేసి అడగదు కాబట్టి ఇన్నాళ్ళూ గుర్తు రాలేదు.

నూకాలమ్మ తలకి నూనె రాసుకుంటోంది. అతను పక్కన కూర్చుని, కాసేపు ఎండ గురించి మాట్లాడాడు. తర్వాత నోట్లు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"ఏటిది?"

"నీకేనమ్మా. నెలనెలా ఇత్తాను. ఇంక ఎవరి సేతా ఇప్పించను, నేనే ఇత్తాను."

నూకాలమ్మ నూనె చేతులు కొంగుకి తుడుచుకుని నోట్లు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. కొడుకు మొహంలోకి చూసింది. ఆ చూపుకి సత్యప్రసాద్ ఉన్న నిజమంతా చెప్పేద్దామనుకుని నోరు తెరిచాడు కూడా.

"కల్యాణికి తెలుసా?" అంది ఆవిడ.

"తెలుసు. తనే ఇమ్మంది."

నూకాలమ్మ లోపల కోడలు గిన్నెలు తోముతున్న చప్పుడు వింది. కళ్ళు తడి అయ్యాయి, తుడుచుకోలేదు. తర్వాత ఆ నోట్లు మళ్ళీ మడిచి కొడుకు చేతిలోనే పెట్టేసింది.

"నువ్విలగ గుట్టుగా ఇత్తే ఏటి సెప్పుకోను నేను?" అంది. "ఆళ్ళు అందరి ముందలా వచ్చి, నీ పేరు సెప్పి, నా సేతిలో ఎట్టి పోతంటే, ఈ సందులో నా అంత మారాణి ఎవరు? రమాదేవి కొడుకు టెల్కో కంపెనీలో పెద్ద ఉద్యోగమే, కాపరం కూడా అక్కడే, ఆవిడకెవరిత్తన్నారు? ఈ నెల ఎవరూ రానేదని నన్ను నలుగురడిగేరు. సిగ్గుతో సచ్చిపోయేను. ముందటి లాగే పంపించు నాయినా."

సత్యప్రసాద్ నోట్లు పట్టుకుని కూర్చుండిపోయాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. కల్యాణి నవ్వు ఆపుకోవడానికి అవస్థ పడుతోందని అతనికి తెలుసు.

లేచి, చెప్పులేసుకుని, ఎదురింటికి నడిచాడు. పైడిబాబు బనీనుతో కూర్చుని పేపరు చదువుతున్నాడు. సత్యప్రసాద్ నోట్లు చేతిలో పెట్టి, రెండు ముక్కల్లో విషయం చెప్పాడు.

పైడిబాబు ఒకసారి ఎదురుగా వరండాకేసి చూశాడు. అక్కడ నూకాలమ్మ నూనె సీసా లోపలికి పంపించేసి, జడ ముడి వేసుకుని, కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు.

"ఉండన్నా," అన్నాడు పైడిబాబు లేస్తూ. "బనీను మీద బాగోదు, సొక్కా తొడుక్కుని ఎల్తాను."